విమానాల జాడ చూపే సైట్లు, సొంత రిసీవర్లు, చందాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకాశంలో వెళ్లే విమానం ఏదో, ఎక్కడికో ఫోనులో చూసి తెలుసుకోవడం చాలామందికి సరదా. సరదా ముదిరితే రెండు ప్రశ్నలు వస్తాయి: చందా కట్టాలా, విమానాల రేడియో సంకేతాలు పట్టే సొంత రిసీవర్ డాబా మీద పెట్టుకోవాలా? ఈ పేజీ ఆ రెండింటి చుట్టూ తిరిగే సందేహాల కోసం. డాలర్లలో చెప్పిన ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి కట్టే ముందు ఆయా సైట్లలో ఒకసారి చూసుకోండి.

విమానం సంకేతాలు ఉచితమే అంటారు కదా, మరి చందా దేనికి?

సంకేతాలు ఉచితమే. నేటి విమానాల్లో ఏడీఎస్-బీ అనే ఏర్పాటు ఉంటుంది. విమానం తన స్థానాన్ని సెకనుకు రెండుసార్లు, దానితోపాటు ఎత్తు, వేగం, దిశ వివరాలను 1090 మెగాహెర్ట్జ్ మీద అందరికీ వినబడేలా చెబుతూ పోతుంది. అందులో రహస్య సంకేతలిపి ఏమీ లేదు. ప్రతి విమానానికీ 24 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని పదహారు గుర్తులు వాడే హెక్సాడెసిమల్ పద్ధతిలో రాస్తే భారత్‌లో నమోదైన విమానాలవన్నీ 80, 81, 82, 83లలో ఏదో ఒకదానితో మొదలవుతాయి.

అయితే ఆ సంకేతంలో ‘హైదరాబాద్ నుంచి దుబాయ్’ అని ఉండదు. విమానం ఏ సంస్థది, ఎన్నేళ్ల నాటిది, ఎన్ని గంటలకు దిగుతుంది, నిన్న ఎక్కడ ఉంది వంటివీ ఉండవు. ఉండేది గుర్తింపు సంఖ్య, కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు), స్థానం, వేగం వంటి ముడి వివరాలే. వాటికి రాకపోకల షెడ్యూళ్లను, విమానాల రిజిస్ట్రేషన్ పట్టికలను జోడించేది సైటు. ప్రపంచమంతా వేలమంది పెట్టుకున్న రిసీవర్ల సమాచారాన్ని ఒక పటం మీదికి తెచ్చేదీ, పాత ప్రయాణాలను దాచిపెట్టేదీ సైటే. మీ చందా ఈ పనులకు వెళుతుంది. ఇది మనసులో ఉంచుకుంటే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో తేల్చుకోవడం తేలిక.

ఉచిత ఖాతా సరిపోదా?

పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోతుందని నా అభిప్రాయం. ఇలా విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24 సైటులో ఉచితంగానే ప్రపంచ పటమంతా కనిపిస్తుంది, గత ఏడు రోజుల ప్రయాణాలూ దొరుకుతాయి. ప్రకటనలను ఓర్చుకోవాలి, అంతే.

ఉచిత ఖాతా చేతులెత్తేసే సందర్భం ఒకటుంది. 2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్‌కు వెళ్లిన విమానాన్ని ఫ్లైట్‌రాడార్24లో 29 లక్షల మందికి పైగా ఎంతో కొంతసేపు చూశారు. అది దిగే వేళకు ఏడు లక్షల మంది ఒకేసారి చూస్తున్నారు. ఆ ఒత్తిడిలో సైటు తలుపు దగ్గర వరుస కట్టించి, చందాదారులను ముందు పంపి, మిగిలినవాళ్లను బయట నిలబెట్టింది. మరుసటి నెల ఎలిజబెత్ రాణి భౌతికకాయాన్ని ఎడిన్‌బరా నుంచి లండన్ తీసుకెళ్లిన విమానానికి ఆ రికార్డు కూడా చెరిగిపోయింది. అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని వస్తాయి? వాటి కోసమే చందా కట్టాలనుకోవడం నాకైతే దండగ.

సిల్వర్, గోల్డ్, బిజినెస్ అంటారు. తేడా ఏమిటి?

ఫ్లైట్‌రాడార్24 పెట్టిన పేర్లివి. ముఖ్యమైన తేడా జ్ఞాపకశక్తిలో ఉంది: ఉచిత ఖాతా ఏడు రోజులు, సిల్వర్ 90 రోజులు, గోల్డ్ 365 రోజులు, బిజినెస్ మూడేళ్లు వెనక్కి చూపిస్తాయి. సిల్వర్‌తో ప్రకటనలు పోతాయి, విమానం వయసు, తయారీ క్రమసంఖ్య కనిపిస్తాయి. గోల్డ్‌తో వాతావరణం పొరలు మరిన్ని, వైమానిక మార్గాల పటాలు వస్తాయి. బిజినెస్ పేరుకు తగ్గట్టే సంస్థల కోసం చేసింది.

చాలా ఏళ్లపాటు సిల్వర్ ఏడాదికి 9.99, గోల్డ్ 34.99 డాలర్లకు దొరికాయి. బిజినెస్ నెలకు 49.99, ఏడాదికి 499.99. అంటే నెలనెలా కడితే ఏడాది తిరిగేసరికి దాదాపు 600 డాలర్లు. ఈ పెద్ద అంకె గుర్తుంచుకోండి, రిసీవర్ల దగ్గర మళ్లీ వస్తుంది.

నా సలహా అడిగితే, పాత ప్రయాణాలు తవ్వే అలవాటు ఉంటే సిల్వర్. వానాకాలంలో మబ్బులను తప్పించుకుంటూ విమానాలు ఎలా ఒంపులు తిరుగుతాయో చూసే పిచ్చి ఉంటే ఒక్క నెల గోల్డ్ తీసుకుని, మోజు తీరాక మానేయండి. బిజినెస్‌ను డబ్బు పెట్టి కొనే అభిరుచిదారుణ్ని నేనింకా చూడలేదు.

సైటులో ఒక ధర చూపించి, కార్డు నుంచి ఎక్కువ తీసుకున్నారు. మోసమా?

మోసం కాదు, లెక్క. విదేశీ సంస్థ మన దేశంలోని వ్యక్తులకు ఆన్‌లైన్ సేవ అమ్మితే 18 శాతం జీఎస్టీ వర్తిస్తుంది. డాలర్లలో కట్టినందుకు బ్యాంకు విదేశీ మారకపు రుసుము వేస్తుంది. చాలా కార్డులకు ఇది రెండు నుంచి మూడున్నర శాతం. ఆ రుసుము మీద మళ్లీ జీఎస్టీ.

34.99 డాలర్ల గోల్డ్ చందాను తీసుకోండి. పన్ను విడిగా కలిపితే 41.29. దాని మీద మూడున్నర శాతం రుసుము 1.45, ఆ రుసుము మీద పన్ను మరో పావు డాలర్. మొత్తం 43 డాలర్లు. చూసిన ధరకు, కట్టిన ధరకు మధ్య ఎనిమిది డాలర్ల తేడా.

ఫోనులోని యాప్ స్టోర్ ద్వారా తీసుకుంటే ధర రూపాయల్లోనే, పన్నుతో కలిపే కనిపిస్తుంది; మారకపు రుసుము బెడద ఉండదు. రెండు చోట్లా ధర పోల్చి చూసి తక్కువున్న చోట కట్టండి. ఒకే ఖాతాతో లాగిన్ అయితే యాప్‌లో కొన్న చందా వెబ్‌సైటులోనూ పనిచేస్తుంది. ఇది తెలియక రెండు చోట్లా కట్టేవాళ్లున్నారు.

చందా దానంతట అదే పొడిగించుకుంటే?

పొడిగించుకుంటుంది, అదే వాళ్లకు కావలసింది. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం కార్డు నుంచి ఇలా ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలకు ముందే మీకు సందేశం రావాలి. 15 వేల రూపాయలు దాటిన చెల్లింపుకు ప్రతిసారీ ఓటీపీ కావాలి. గోల్డ్ లాంటి చిన్న చందాలు ఆ హద్దు లోపలే ఉంటాయి కాబట్టి ఓటీపీ అడగకుండానే సాగిపోతాయి. ఆ ముందస్తు సందేశాన్ని ప్రకటన అనుకుని చెరిపేయకండి. రద్దు చేసుకోవాలంటే ఎక్కడ కొన్నారో అక్కడే చేయాలి. ఫోనులోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు.

మా అమ్మాయి అమెరికా వెళుతోంది. ఆ ఒక్క ప్రయాణం చూడటానికి చందా కావాలా?

అక్కర్లేదు. శంషాబాద్‌లో బయల్దేరిన దగ్గరి నుంచి డల్లాస్‌లో దిగేవరకు ఉచిత ఖాతాలోనే చూడవచ్చు. ఒక్కటి మాత్రం తెలిసి ఉండాలి. నేల మీది రిసీవర్లకు సముద్రం మధ్య విమానం వినబడదు. అక్కడ సైటు ఊహించిన స్థానాన్ని చూపిస్తుంది, లేదా విమానం పటం మీంచి మాయమవుతుంది. తెల్లవారుజామున లేచి చూసిన తల్లిదండ్రులు దీనికే కంగారు పడతారు. ఏమీ కాలేదు, వినే చెవి అక్కడ లేదు, అంతే.

ఆ ఖాళీని పూడ్చేది ఉపగ్రహాలు. ఏరియాన్ సంస్థ ఇరిడియం వారి 66 ఉపగ్రహాల మీద రిసీవర్లు అమర్చి 2019 నుంచి సేవ అందిస్తోంది. అలాంటి సమాచారం ఖరీదైనది. దాని ప్రధాన కొనుగోలుదారులు విమాన సంస్థలు, గగనతల నియంత్రణ సంస్థలు.

రిసీవర్ పెట్టి సమాచారం పంపితే బిజినెస్ చందా నిజంగా ఉచితంగా ఇస్తారా?

ఇస్తారు. ఫ్లైట్‌రాడార్24 బిజినెస్ ఖాతా ఇస్తుంది. అంటే పైన చెప్పిన 499.99 డాలర్ల సరుకు. అమెరికాకు చెందిన ఫ్లైట్‌అవేర్ తన ఎంటర్‌ప్రైజ్ ఖాతాను ఇస్తుంది. ఒకప్పుడు రాడార్‌బాక్స్ పేరుతో నడిచి ఇప్పుడు ఎయిర్‌నావ్ రాడార్ అయిన సంస్థదీ, బ్రిటన్‌లోని ప్లేన్ ఫైండర్‌దీ ఇదే పద్ధతి.

ఒకే రిసీవర్ నుంచి వీటన్నిటికీ ఒకేసారి పంపవచ్చు. అలా పంపేవాళ్లను ఫీడర్లు అంటారు. ఫ్లైట్‌రాడార్24లో నమోదు చేసుకుంటే మీ రిసీవర్‌కు దగ్గరి విమానాశ్రయం సంకేతంతో ఒక పేరు వస్తుంది. హైదరాబాద్‌లో అయితే టీ-వీఓహెచ్ఎస్ పక్కన ఒక అంకె. వీఓహెచ్ఎస్ అంటే శంషాబాద్. గన్నవరం పరిసరాల్లో ఉంటే వీఓబీజడ్, విశాఖలో వీఓవీజడ్. మీరు నమోదు చేసిన ఈమెయిల్, మీ ఖాతా ఈమెయిల్ ఒకటే అయి ఉండాలి. సమాచారం అందడం మొదలైన కాసేపటికి ఖాతా దానంతట అదే బిజినెస్ అవుతుంది. సమాచారం ఆగిపోతే మళ్లీ ఉచిత ఖాతా స్థాయికి దిగిపోతుంది.

దీన్ని కానుక అనుకోవద్దు. ఇది కూలి. 2006లో స్వీడన్‌లో ఇద్దరు అభిరుచిదారులు మొదలుపెట్టిన ఫ్లైట్‌రాడార్24 ప్రపంచమంతా పరుచుకున్నది 2009లో, రిసీవర్ ఉన్న ఎవరైనా సమాచారం పంపవచ్చని తలుపు తెరిచాకే. మీ డాబా, మీ కరెంటు, మీ ఇంటర్నెట్‌తో సేకరించిన సమాచారాన్ని ఆ సంస్థలు పెద్ద కొనుగోలుదారులకు అమ్ముకుంటాయి. ఇచ్చిపుచ్చుకోవడంలో తప్పేమీ లేదు, నాకు ఆ బేరం నచ్చింది కూడా. బేరం అని తెలిసి చేయాలి, అంతవరకే.

రిసీవర్‌కు ఎంత ఖర్చవుతుంది?

కావలసినవి మూడు: చిన్న కంప్యూటర్, యూఎస్‌బీ డాంగిల్, యాంటెన్నా.

కంప్యూటర్‌గా రాస్ప్‌బెరీ పై చాలు. కొత్త, ఖరీదైన రకం అవసరమే లేదు. 2021లో 15 డాలర్ల ధరతో వచ్చిన జీరో 2 డబ్ల్యూ కూడా ఈ పని చేసేస్తుంది. డాంగిల్ కథ సరదాగా ఉంటుంది. ఇది కంప్యూటర్‌లో టీవీ చూడటానికి చేసిన చవక పరికరం. లోపలి ఆర్‌టీఎల్2832యూ చిప్‌ను రేడియో రిసీవర్‌గా వాడుకోవచ్చని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు బయటపెట్టారు. ఆ తర్వాత దీనికంటూ మెరుగైన రకాలు వచ్చాయి. ఫ్లైట్‌అవేర్ అమ్మే ప్రో స్టిక్ ప్లస్‌లో 1090 మెగాహెర్ట్జ్ ఫిల్టర్ లోపలే ఉంటుంది. మన ఊళ్లలో ఇంటింటికీ ఒక సెల్ టవర్ అన్నట్టుంది పరిస్థితి. 900 మెగాహెర్ట్జ్ సెల్ సంకేతాలు పక్కనే హోరెత్తిస్తుంటే డాంగిల్‌కు విమానం వినబడదు. అందుకే ఫిల్టర్ మీద పెట్టిన డబ్బు వృథా పోదు.

అన్నీ కలిపి ఇక్కడ ఆరేడు వేల నుంచి పది వేల రూపాయల వరకు అవుతుంది. దిగుమతి సుంకాన్ని, కొరియర్ ఖర్చును లెక్కలో వేసుకోకపోతే తడిసి మోపెడవుతుంది కాబట్టి దేశంలోని దుకాణాల్లో ముందు వెతకండి.

కరెంటు లెక్క: రాస్ప్‌బెరీ పై, డాంగిల్ కలిసి సుమారు ఐదు వాట్లు. రోజంతా నడిస్తే నెలకు 3.6 యూనిట్లు. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌నూ వాడవచ్చు గానీ, అది అంతకు అనేక రెట్లు తాగుతుంది. సాఫ్ట్‌వేర్ అంతా ఉచితం. సంకేతాలను విడమరిచే డంప్1090 అనే మూల ప్రోగ్రామును రాసింది రెడిస్ డేటాబేస్ సృష్టికర్త సాల్వతోరే సాన్‌ఫిలిప్పో. ఇప్పుడు చాలామంది వాడేది దాని వారసుడైన రీడ్ఎస్‌బీ.

యాంటెన్నా కొనాలా, చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, అందులోనే అసలు మజా ఉంది. 1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 6.9 సెంటీమీటర్లు. ఒక ఎస్ఓ-239 కనెక్టర్, ఐదు రాగి తీగ ముక్కలు తీసుకోండి. ఒక ముక్క మధ్యలో నిటారుగా, మిగిలిన నాలుగూ కనెక్టర్ నాలుగు మూలల నుంచి కిందికి ఏటవాలుగా టంకం పెట్టండి. ఒక్కోటీ 6.9 సెంటీమీటర్లు. తీగ మీది ఎనామిల్ పూతను ఉప్పుకాగితంతో గీకకపోతే టంకం అంటుకోదు. సాలీడులా కనిపిస్తుంది కాబట్టి దీన్ని స్పైడర్ అంటారు. దానిమీద ప్లాస్టిక్ సీసా బోర్లిస్తే వానకు గొడుగు.

తీగ పొడవు మిల్లీమీటరు తేడా వచ్చిందని దిగులు పడకండి, ఎత్తు గురించి ఆలోచించండి. ఈ తరంగాలు చూపు ఆనినంత మేరే వస్తాయి. 35 వేల అడుగుల ఎత్తులోని విమానానికి ఆ హద్దు దాదాపు 425 కిలోమీటర్లు. అడ్డులేని హైదరాబాద్ డాబా నుంచి విజయవాడ మీది విమానాలు సునాయాసంగా, నాగ్‌పూర్, తిరుపతి మీదివి అంచున అందుతాయి. అదే విమానం గన్నవరంలో దిగడానికి వెయ్యి అడుగులకు వచ్చిందా, 70 కిలోమీటర్ల అవతల ఉంటే వినబడదు. పక్కింటివాళ్లు ఇంకో అంతస్తు లేపితే ఆ దిక్కు మూసుకుపోయినట్టే. దానికి ఏ చందా మందు కాదు.

యాంటెన్నా నుంచి డాంగిల్ వరకు డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్ బాగానే పనిచేస్తుంది. పది మీటర్లకు సుమారు రెండు డెసిబెల్స్ సంకేతం తగ్గుతుంది. వీలైతే రాస్ప్‌బెరీ పైని కూడా డాబా మీదే, నీడలో, గాలి ఆడే పెట్టెలో పెట్టి కేబుల్ కుదించండి.

కరెంటు పోతే ఖాతా పోతుందా?

గంటా రెండు గంటలకు ఏమీ కాదు. కరెంటు కంటే ముందు పోయేది మెమరీ కార్డు. ఉన్నట్టుండి కరెంటు పోతూ వస్తూ ఉంటే రాస్ప్‌బెరీ పైలోని కార్డు పాడవుతుంది. ఇన్వర్టర్ లైనుకు తగిలించండి, కార్డు నకలు ఒకటి దగ్గరుంచుకోండి.

డబ్బు కడితే దాచిన విమానాలు కనిపిస్తాయా?

కనిపించవు. అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నడిపే జాబితా ఒకటుంది; యజమానులు కోరి అందులో చేరితే వాళ్ల విమానాన్ని సాధారణ సైట్లు చూపించవు. ఎంత పెద్ద చందా కట్టినా అంతే. వడపోత లేకుండా చూపేవి వేరే ఉన్నాయి. వాటిలో పేరుమోసింది 2016లో మొదలైన ఏడీఎస్-బీ ఎక్స్‌ఛేంజ్.

దాని కథ చందాల గురించి ఆలోచించే ప్రతివాళ్లకూ తెలియాలి. అది ఫీడర్లు తమ సొంతంగా భావించిన వేదిక. 2023 జనవరిలో దాన్ని జెట్‌నెట్ అనే సంస్థ కొన్నది. ‘మేం ఊరికే ఇచ్చినదాన్ని అమ్ముకున్నారు’ అని చాలామంది తీగలు పీకేసి, ఏడీఎస్‌బీ.ఎఫ్ఐ, ఏడీఎస్‌బీ.లోల్, ఎయిర్‌ప్లేన్స్.లైవ్ వంటి కొత్త వేదికలకు తరలిపోయారు. కోపం న్యాయమే. అయితే సంకేతాలు పంపేముందు షరతుల పేజీని చదివిన వాళ్లెందరు?

మీ సొంత రిసీవర్‌కు మాత్రం ఏ వడపోతా లేదు. ఏది పలికితే అది కనిపిస్తుంది. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, దుండిగల్‌లో వాయుసేన అకాడమీ ఉంది. అక్కడి రాకపోకలు తెర మీద కనిపించినా సోషల్ మీడియాలో పెట్టకపోవడమే ఇంగితం.

మన దేశంలో రిసీవర్ పెట్టుకోవడానికి అనుమతి కావాలా?

వినడమే కదా, ప్రసారం చేయడం లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం పరికరాన్ని దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు అడిగింది. పాత చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. కొనే ముందే కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగానికి రాసి, జవాబును భద్రపరచుకోండి. రేడియో మీద ఆసక్తి ఉన్నవాళ్లు హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు పరీక్ష రాయడం ఇంకా మంచిది. హైదరాబాద్‌లోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, అక్కడ దారి చూపేవాళ్లు దొరుకుతారు.

ఇంజినీరింగ్ ప్రాజెక్టుకు విమానాల సమాచారం కావాలి. ఏ చందా తీసుకోవాలి?

ఏదీ తీసుకోకండి. స్విట్జర్లాండ్ కేంద్రంగా పనిచేసే ఓపెన్‌స్కై నెట్‌వర్క్ పరిశోధనకు సమాచారాన్ని ఉచితంగా ఇస్తుంది, రోజుకు ఇన్ని క్రెడిట్లని లెక్కకట్టి. ఖాతా లేకపోతే 400, ఉంటే 4,000, రిసీవర్ పెట్టి పంపుతుంటే 8,000. అడిగే ప్రాంతం పెద్దదయ్యే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ పట్టే చతురస్రం దాదాపు 57 చదరపు డిగ్రీలు. దానికి ఒక్కోసారికి రెండు క్రెడిట్లు. 4,000 క్రెడిట్లతో రోజుకు 2,000 సార్లు, అంటే 43 సెకన్లకోసారి అడగవచ్చు. ప్రోగ్రాములో పది సెకన్లకోసారి అని రాసేస్తే సాయంత్రం కాకముందే కోటా అయిపోయి, ప్రాజెక్టు ప్రదర్శన వేళకు తెర ఖాళీగా ఉంటుంది.

ప్రోగ్రాములకు సమాచారం అందించే ఫ్లైట్‌అవేర్ సేవ ఏరోఏపీఐది వేరే పద్ధతి, అడిగిన ప్రతిసారికీ డబ్బు. వ్యక్తిగత వాడకానికి నెలకు కొంత ఉచితం ఉంటుంది, ఫీడర్లకు ఇంకొంచెం ఎక్కువ. అది దాటితే మీటరు తిరుగుతుంది. కార్డు వివరాలు ఇచ్చే ముందు ఖర్చుకు హద్దు పెట్టుకోండి.

మీ పరిధిలోని ఆకాశం చాలనుకుంటే ఇవేవీ అక్కర్లేదు. రీడ్ఎస్‌బీ తనకు వినబడిన విమానాల వివరాల ఫైలును సెకనుకోసారి కొత్తగా రాస్తుంది. మీ ఇంటి నెట్‌వర్కులోంచి ఎన్నిసార్లైనా చదువుకోండి, అడిగేవాడు లేడు.

రిసీవర్ కొందామా, చందా కడదామా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో కుదరదు. డబ్బు మిగులుతుందని రిసీవర్ కొనేవాళ్లు ఆరు నెలల్లో దాన్ని అటక ఎక్కిస్తారు, ఎందుకంటే వాళ్లకు కావలసింది సిల్వర్ చందా మాత్రమే. రాగి తీగలు కోయడం, కేబుల్ లాగడం, నిన్నటి కన్నా ఈరోజు పది కిలోమీటర్లు ఎక్కువ వినబడిందని మురిసిపోవడం మీ తత్వమైతే రిసీవరే కొనండి. బిజినెస్ ఖాతా దానికి కొసరు.